గోదాము గోడ మీద ‘2030 నాటికి కర్బన రహిత సంస్థ’ అని రాయించారు. లెక్క నన్ను వేయమన్నారు

తణుకు_పద్దులు
లారీ, ట్రాక్టర్, ఆటో స్పేర్ పార్టులు అమ్మే సంస్థలో పద్దులు రాస్తాను. రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా 11 కొట్లు, భీమవరం దగ్గర ఒక గోదాము. పోయిన నెల రెండు పనులు ఒకేసారి నా బల్ల మీదికి వచ్చాయి. మేం సరుకు తెచ్చుకునే పెద్ద కంపెనీ ఒకటి నాలుగు పేజీల ఫారం పంపింది. ఏడాదికి ఎన్ని టన్నుల కర్బన ఉద్గారాలు, స్కోప్ 1 ఎంత, స్కోప్ 2 ఎంత, స్కోప్ 3 ఎంత, తగ్గించే లక్ష్యం ఏమిటి అని అందులో ప్రశ్నలు. దాన్ని చూసి మా యజమానికి ఉత్సాహం వచ్చింది. వారం తిరగకుండా పెయింటర్‌ని పిలిపించి గోదాము గోడ నిండా పచ్చ రంగుతో ‘2030 నాటికి కర్బన రహిత సంస్థ’ అని రాయించేశారు.

ఆయన మంచి మనిషి, మోసం చేయాలన్న ఆలోచన లేదు. కానీ ఈరోజు ఎంత వదులుతున్నామో తెలియకుండా 2030కి సున్నా అని ఎలా అంటాం? ఆ రోడ్డు మీద వెళ్లినప్పుడల్లా నేనే అబద్ధం ఆడినట్టు ఉంటోంది. నా దగ్గర ఉన్నవి కరెంటు బిల్లులు, బంకు రసీదులు, కొనుగోలు, అమ్మకం బిల్లులు. వీటితో లెక్క తేలుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మా నాన్నగారిని అడిగితే ‘కర్బనం అంటే బిల్లు పుస్తకంలో పెట్టే కార్బన్ కాగితమా అమ్మా’ అన్నారు.

రావులపాలెం_రవాణా
ఫారం పక్కన పడేయండి. ఉక్కు కరిగించేది వాళ్లు, బండ్లు తయారు చేసేది వాళ్లు. బల్బు వేసుకుని కొట్టు నడిపే మనల్ని లెక్క అడగడం ఏమిటి? గుమాస్తాకు ఇది ఇంకో చాకిరీ, అంతే.

కాకినాడ_ఆడిట్
ఫారం ఎందుకు వచ్చిందో ముందు చెబుతాను. స్టాక్ మార్కెట్‌లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే సుస్థిరతా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో చెప్పింది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి అది తప్పనిసరి. 2023లో మరో మెట్టు ఎక్కి, మొదటి 250 కంపెనీలు తమకు సరుకు ఇచ్చేవారి వివరాలు, తమ సరుకు అమ్మేవారి వివరాలు కూడా చెప్పాలంది. ఈ రెండో భాగాన్ని 2025 మార్చిలో స్వచ్ఛందం చేశారు. అది కూడా కంపెనీ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో ఒక్కరే 2 శాతం, ఆపైన ఉన్నవారి వరకే. మీ 11 కొట్లు కలిపినా అంత వాటా ఉంటుందని నేను అనుకోను. ఫారం నింపకపోతే మీ మీద చట్టపరంగా వచ్చేదేమీ లేదు.

గోడ సంగతి వేరు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరుతో చేసే ప్రచారం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మే సరుకు గురించో సేవ గురించో పచ్చదనం మాట చెబితే ఆధారం చూపగలగాలి. గోడ రాత కూడా ప్రకటన కిందికి రావచ్చు. నన్నడిగితే మీరు ఫారం కన్నా గోడ గురించే ఎక్కువ దిగులు పడాలి.

తణుకు_పద్దులు
@కాకినాడ_ఆడిట్ గారూ, తప్పనిసరి కాకపోయినా లెక్క వేయాలనే ఉంది. గోడ మీద మాట పెట్టేశాం కదా.

భీమవరం_చెరువుగట్టు
@రావులపాలెం_రవాణా గారి మాట మా రొయ్యల వ్యాపారంలో ఒకప్పుడు అందరూ అన్నదే. విదేశీ కొనుగోలుదారులు ‘ఏ చెరువులో పట్టారు, ఏ మందు వాడారు, యాంటీబయోటిక్ అవశేషాల పరీక్ష ఏది’ అని అడిగినప్పుడు చాలామంది విసుక్కున్నారు. రోజూ నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్న రైతు సరుకు నిలబడింది. రాయనివాడు తక్కువ ధరకు ఇచ్చుకున్నాడు. అడిగేవాడు ఇవాళ మర్యాదగా అడుగుతున్నాడు, రేపు ఆర్డరుతో ముడిపెట్టి అడుగుతాడు. రాసి ఉంచుకోవడమే మేలు.

సామర్లకోట_మాస్టారు
లెక్క పద్ధతి చెబుతాను. భూమిని వేడెక్కించే వాయువుల లెక్కకు ప్రపంచమంతా వాడేది జీహెచ్‌జీ ప్రోటోకాల్ అనే పద్ధతి. 2001లో మొదట వచ్చింది, 2004లో సవరించారు. స్కోప్ 1 అంటే మీరే కాల్చేది: మీ వ్యాన్ల డీజిల్, మీ జనరేటర్ డీజిల్. స్కోప్ 2 అంటే మీరు కొన్న కరెంటు కోసం వేరే చోట కాలిన బొగ్గు. స్కోప్ 3 అంటే మీ వ్యాపారం వల్ల ఇతరుల దగ్గర వెలువడేది. దాన్ని 15 రకాలుగా విడదీసి 2011లో విడిగా ప్రమాణం ఇచ్చారు.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోలుకు 2.31. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త పైన. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఈ అంకె ప్రకటిస్తుంది. మీ బిల్లులను వీటితో గుణించండి, స్కోప్ 1, 2 ఒక సాయంత్రం పని.

రావులపాలెం_రవాణా
మాస్టారూ, లీటరు డీజిల్ బరువే కిలో ఉండదు. అందులోంచి రెండున్నర కిలోల పైన ఎలా వస్తుంది?

సామర్లకోట_మాస్టారు
మంచి ప్రశ్న. డీజిల్‌లోని ప్రతి కర్బన పరమాణువూ కాలేటప్పుడు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుంటుంది. పెరిగిన బరువు ఆ ఆక్సిజన్‌ది. అన్నం వండితే బియ్యం కన్నా ఎక్కువ బరువు తూగుతుంది కదా, అక్కడ నీరు చేరినట్టు ఇక్కడ గాలి చేరుతుంది.

రావులపాలెం_రవాణా
అర్థమైంది. ఇరవై ఏళ్లుగా డీజిల్ కొట్టిస్తున్నాను, ఈ మాట ఎవరూ చెప్పలేదు.

తణుకు_పద్దులు
నిన్న రాత్రి కూర్చుని వేశాను. 11 కొట్లు, గోదాము కలిపి నెలకు 6,500 యూనిట్లు. ఏడాదికి సుమారు 55 టన్నులు. మూడు వ్యాన్లకు నెలకు 700 లీటర్ల డీజిల్, ఏడాదికి 22.5 టన్నులు. జనరేటర్లకు నెలకు 150 లీటర్లు, దాదాపు 5 టన్నులు. మొత్తం 82, 83 టన్నులు. యజమాని చూసి ‘ఇంతేనా? గోదాము మీద సోలార్ పలకలు పెట్టి, వ్యాన్లు ఎలక్ట్రిక్‌వి కొంటే 2030కి సున్నా అయినట్టే కదా’ అన్నారు. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన 50 కిలోవాట్లు వేస్తే నెలకు 6,000 యూనిట్లు వస్తాయి. ఆయన అన్నదాంట్లో తప్పు కనిపించడం లేదు. నాకు మాత్రం తృప్తిగా లేదు.

ఆచంట_టు_మెంఫిస్
తృప్తి లేకపోవడం సబబే. నేనుండే మెంఫిస్‌లోనే ఆటోజోన్ ప్రధాన కార్యాలయం ఉంది. అమెరికాలో స్పేర్ పార్టులు అమ్మే పెద్ద గొలుసు దుకాణాల్లో అదొకటి. 2021 డిసెంబరులో వాతావరణ లక్ష్యాలు పెట్టుకోవాలన్న తీర్మానానికి అక్కడి వాటాదారుల్లో మెజారిటీ ఓటు వేశారు. వారి తపన కొట్లలోని బల్బుల గురించి మాత్రమే కాదు, సరుకు వెంట వచ్చే ఉద్గారాల గురించి కూడా. అమ్మేవాడికి సొంత పొగ తక్కువ, సరుకులో దాగిన పొగ ఎక్కువ. మీ 83 టన్నుల్లో సరుకు లేదు. స్కోప్ 3 కూడా వేసి చూడండి.

తణుకు_పద్దులు
సరుకు అంటే మా దగ్గర 9,000 రకాలు. బేరింగు నుంచి బంపరు దాకా. దేన్ని లెక్కపెట్టను?

సామర్లకోట_మాస్టారు
అన్నీ వద్దు. బరువైనవి ముందు పట్టుకోండి. ఏడాదికి కమాను కట్టలు, అంటే లారీ కింద కుదుపులు ఆపే ఉక్కు పట్టీల కట్టలు, ఎన్ని టన్నులు అమ్ముతారు? మన దేశంలో టన్ను ఉక్కు తయారీకి సగటున 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 2024 డిసెంబరులో ఉక్కు మంత్రిత్వ శాఖ హరిత ఉక్కుకు నిర్వచనం ఇస్తూ టన్నుకు 2.2 టన్నుల లోపు ఉండాలంది. పోల్చుకోవడానికి ఆ రెండు అంకెలు చాలు.

తణుకు_పద్దులు
కమాను కట్టలు ఏడాదికి 180 టన్నులు. గుణిస్తే 450 టన్నులు. ఇది ఉక్కు తయారీకే, కట్టగా మలచడం ఇంకా కలపలేదు. మా 11 కొట్లు, గోదాము, వ్యాన్లు అన్నీ కలిపినదానికి అయిదు రెట్లకు పైన ఒక్క సరుకు.

కోనసీమ_కొబ్బరి
పక్క మాటే అయినా చెప్పకుండా ఉండలేను. మా ఊరి కమ్మరి పాత లారీ కమాను కట్ట ముక్కతోనే బొండాలు కొట్టే కత్తి చేస్తాడు. నా చేతిలోని కత్తి మా నాన్నగారి కాలం నాటిది. ఆ ఉక్కు ఒక జీవితం లారీ కింద, ఇంకో జీవితం కొబ్బరి తోటలో గడిపింది. దానికి మళ్లీ ఉక్కు కరిగించే పని పడలేదు.

మండపేట_మెకానిక్
పక్క మాట కాదండి, అసలు మాట అదే. పార్టు ఎక్కువ కాలం పని చేస్తే రెండోది తయారు చేసే పని ఉండదు. మొన్న ఒక ట్రాక్టర్ నల్లటి పొగ కక్కుతూ షెడ్డుకు వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ తీశాను. పైన డబ్బా మీద పేరు పెద్ద కంపెనీదే, అక్షరాలు కాస్త అటు ఇటు. రేకుల కత్తెరతో కోసి కాగితం విప్పి మడతలు లెక్కపెట్టాను. 38 ఉన్నాయి. అసలు దాన్ని పక్కన పెట్టి విప్పితే 60. గమ్ము అంచుల దగ్గర ఊడి దుమ్ము నేరుగా లోపలికి పోయింది. ఇంజను బోరు అరిగింది, పిస్టన్ రింగులు పోయాయి. నకిలీ ఫిల్టర్ మీద 140 రూపాయలు మిగుల్చుకున్న రైతు ఇంజను పనికి 22,000 పెట్టాడు. ఆ పొగ ఎవరి ఖాతాలో రాస్తారు? అమ్మినవాడి ఖాతాలో రాయాలంటాను.

కాకినాడ_ఆడిట్
@మండపేట_మెకానిక్ గారూ, మీ బాధ న్యాయమైనదే. పద్ధతి ప్రకారం మాత్రం అలా రాయలేం. స్కోప్ 3లో 11వ రకం ‘అమ్మిన వస్తువుల వాడకం’. తానుగా ఇంధనం కాల్చే వస్తువు, వాడకంలో వాయువు వదిలే వస్తువు అయితే తప్పనిసరిగా లెక్కించాలి. ఫిల్టర్, బ్రేక్ లైనింగు లాంటివి పరోక్షం. వాటిని కలపడం అమ్మేవారి ఇష్టం. ట్రాక్టర్ పొగంతా ఫిల్టర్ కొట్టు మీద వేస్తే, అదే పొగను టైర్ల కొట్టు మీద, ఆయిల్ కొట్టు మీద కూడా వేయాల్సి వస్తుంది.

మండపేట_మెకానిక్
పద్ధతి మీకు తెలుసు, కాదనను. నకిలీ సరుకు అమ్మనని గోడ మీద రాయించమనండి, 2030 దాకా ఆగే పని లేదు. రేపే నిలబెట్టుకోవచ్చు.

రాజమండ్రి_ఏసీ_పని
వాయువు వదిలే వస్తువు అన్నారు కాబట్టి చెబుతున్నాను. కారు ఏసీ గ్యాస్ టిన్నులు అమ్ముతారా మీరు? ఆర్-134ఏ. చిన్న టిన్ను 450 గ్రాములు ఉంటుంది.

తణుకు_పద్దులు
నాలుగు కొట్లలో అమ్ముతాం. ఏడాదికి 600 టిన్నులు. అది మా సరుకులో చాలా చిన్న భాగం, బీరువాలో ఒక అర.

రాజమండ్రి_ఏసీ_పని
ఆ గ్యాస్ గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,300 నుంచి 1,500 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. 1,300 అనే తీసుకోండి. ఒక్క టిన్నుకు 585 కిలోలు. అంటే 218 లీటర్ల డీజిల్ కాల్చినట్టు. మీ 600 టిన్నులకు 351 టన్నులు.

రావులపాలెం_రవాణా
అరచేతిలో పట్టే టిన్ను 218 లీటర్ల డీజిలా? నా లారీ ట్యాంకు నిండా పోసినా అంత పట్టదు!

రాజమండ్రి_ఏసీ_పని
రోజూ నా కళ్ల ముందు జరిగేది చెబుతాను. బండి వస్తుంది, చల్లదనం లేదంటారు. చాలా షెడ్లలో పాత గ్యాస్‌ను వాల్వు నొక్కి గాలిలోకి వదిలేస్తారు. సన్నగా ఈల వేసినట్టు శబ్దం, పైపు మీద తెల్లగా మంచు పడుతుంది, అర నిమిషంలో ఖాళీ. లీకు ఎక్కడుందో చూడరు. ఓ-రింగు, అంటే అతుకు దగ్గరి రబ్బరు వలయం, పోయి ఉంటుంది, దాని ధర పది, ఇరవై రూపాయలు. అది మార్చకుండా కొత్త టిన్ను ఎక్కిస్తారు. మూడు నెలలకు మళ్లీ అదే బండి. పాత గ్యాస్ వెనక్కి లాగే యంత్రం ఉంది. నేను అప్పు చేసి కొన్నాను. లాగిన గ్యాస్ శుభ్రం చేసి అదే బండికి ఎక్కిస్తాను.

ఏసీ, ఫ్రిజ్ వాయువులను తగ్గించాలనే అంతర్జాతీయ కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. ఇలాంటి వాయువుల తగ్గింపు మనకు 2032 నుంచి మొదలు. వాల్వు నొక్కి వదిలేయడం మానడానికి అప్పటిదాకా ఎందుకు?

పాలకొల్లు_పాతఇనుము
పాత బ్యాటరీల మాట ఎవరూ ఎత్తలేదు. కొత్తది అమ్మి పాతది తీసుకుంటారు. ఆ పాతది ఎక్కడికి పోతోంది? సీసం బ్యాటరీల మీద 2001 నుంచే నియమాలున్నాయి. 2022లో వచ్చిన కొత్త నియమాలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారు మీద పెట్టాయి. అయినా రొక్కం ఎక్కువ ఇచ్చేవాడికే పాత బ్యాటరీలు పోతున్నాయి. వాళ్లలో కొందరు ఊరి చివర గొడ్డలితో పగలగొట్టి యాసిడ్ కాలువలో పోసి సీసం కరిగిస్తారు. నేను ఇనుము కొంటాను, ఆ బ్యాటరీలు కొనను. మా కాలువలో పిల్లలు ఈదుతారు.

సామర్లకోట_మాస్టారు
మీరు చెప్పింది చాలా ముఖ్యం. అయితే సీసం విషం వేరు, కర్బనం వేరు. ఒకే అంకెలో కలపకూడదు. అనుమతి ఉన్న కేంద్రంలో కరిగించిన పాత సీసానికి గనిలోంచి తీసిన సీసం కన్నా చాలా తక్కువ శక్తి చాలు. అంతవరకే కర్బనం లెక్కలోకి వస్తుంది. పిల్లల ఆరోగ్యం కోసం చేసే పనికి కర్బనం సాకు అవసరం లేదు, అది విడిగానే చేయాలి.

పాలకొల్లు_పాతఇనుము
ఒప్పుకుంటాను. విడిగానైనా చేయమనండి.

ఆచంట_టు_మెంఫిస్
ఇక్కడ బ్యాటరీ గాని డైనమో గాని కొంటే బిల్లులో పాత వస్తువు డిపాజిట్ అని కలుపుతారు. పాతది తెచ్చి ఇస్తే ఆ డబ్బు తిరిగి చేతిలో పెడతారు. డైనమో, సెల్ఫ్ మోటార్ పాతవి ఫ్యాక్టరీకి వెళ్లి కొత్త బుష్‌లు, బ్రష్‌లతో మళ్లీ షెల్ఫు ఎక్కుతాయి. వాడిన ఇంజన్ ఆయిల్ కూడా చాలా దుకాణాలు ఊరికే తీసుకుంటాయి.

మండపేట_మెకానిక్
వాడిన ఆయిల్ మా దగ్గర డ్రమ్ముల్లో పోగవుతుంది. ఇటుక బట్టీల వాళ్లు వచ్చి కొంటారు. కాల్చడానికే. మళ్లీ శుద్ధి చేసే కంపెనీ బండి మా షెడ్డు దాకా రాదు, నా ఒక్కడి దగ్గర నెలకు ఒక డ్రమ్మే కాబట్టి. 11 కొట్లు ఉన్నవారు చుట్టుపక్కల షెడ్ల ఆయిల్ ఒకచోట చేరిస్తే బండి వస్తుంది.

కాకినాడ_ఆడిట్
అవును. వాడిన ఆయిల్ శుద్ధి బాధ్యతను తయారీదారుల మీద పెట్టే నియమాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కాబట్టి కొనేవారు ఇప్పుడు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. సేకరించి పెట్టుకోవడానికి మాత్రం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి చూసుకోండి.

లంక_మనిషి
మొదటి నుంచి చదువుతున్నాను. మాది పి.గన్నవరం వైపు లంక. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. పడవ ఇంజన్‌కు ప్లగ్గు కావాలంటే ఊళ్లో కొట్టు కూడా మునిగి ఉంది. బురదలో కూరుకుపోయిన బేరింగులను కొట్టు ఆయన తర్వాత కిరసనాయిల్‌లో కడిగి ఆరబెట్టుకున్నాడు. ఈ లెక్కలు వేసేవారు ఎవరైనా సరే, మా కోసం వేస్తున్నట్టే అనుకుంటాను.

సామర్లకోట_మాస్టారు
మీ కష్టం చూశాం. ఒక్క మాట జాగ్రత్తగా చెబుతాను. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, అప్పటికి మన ఊళ్లలో ఈ చర్చే లేదు. ఏదో ఒక వరదను తీసుకుని ఇది కర్బనం వల్లే అనలేం. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కుండపోత వానలు పెరుగుతాయి, సముద్ర మట్టం లేస్తోంది అన్నది మాత్రం నిశ్చయం. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా నేల కొత్తగా పెరగడం తగ్గింది. కింద నేల దిగుతుంటే పక్కన సముద్రం లేస్తోంది. సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ తీరం చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

లంక_మనిషి
సరే మాస్టారూ. నీళ్లు దిగే చోటు లేదన్నది మాకు తెలుసు, కారణాలు మీరు చెప్పారు.

తణుకు_పద్దులు
ఇవాళ ఈ కాగితం తీసుకుని యజమాని దగ్గరికి వెళ్లాను. మూడు వరుసలే రాశాను. మన కరెంటు, డీజిల్: 83 టన్నులు. కమాను కట్టలు: 450. గ్యాస్ టిన్నులు: 351. కింద ‘టైర్లు, ఆయిల్, బ్యాటరీలు, మిగతా సరుకు ఇంకా లెక్కించలేదు’ అని. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. మూడో వరుస మీద వేలు పెట్టి ‘ఆ టిన్నులా?’ అని రెండుసార్లు అడిగారు. లేచి వెళ్లి బీరువాలోంచి ఒక టిన్ను తీసి చేతిలో తూచి చూశారు.

గోడ గురించి చెప్పాను. ‘మాట వెనక్కి తీసుకుంటే ఊళ్లో నవ్వరా’ అన్నారు.

కాకినాడ_ఆడిట్
నవ్వరు. మీ గోడ మీది మాటను లెక్కలో నికర శూన్యం అంటారు. అంటే సుమారు 90 శాతం నిజంగా తగ్గించి, మిగిలిన కాస్త మాత్రమే గాలిలోంచి వెనక్కి తీసి సరిచేయడం. కంపెనీల వాతావరణ లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ సంస్థ 2021లో పెట్టిన ప్రమాణం అదే. మన దేశం మొత్తానికి పెట్టుకున్న గడువే 2070. దేశం కన్నా 40 ఏళ్లు ముందే చేరతామని స్పేర్ పార్టుల కొట్టు అంటే అడిగేవాడు అడుగుతాడు. ‘మా కరెంటు, డీజిల్ ఉద్గారాలను ఏటా ఇంత చొప్పున తగ్గిస్తాం’ అనండి. 2020 నుంచి 2030 లోపు 42 శాతం తగ్గింపు ఆ సంస్థ అడిగే స్థాయి. అంటే ఏటా 4.2 శాతం. సోలార్ పెడితే మీరు అంతకన్నా ముందే ఉంటారు.

రావులపాలెం_రవాణా
రెండో పోస్టులో ఫారం పక్కన పడేయమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గ్యాస్ టిన్ను లెక్క విన్నాక నా రెండు కార్ల ఏసీల లీకు చూపించడానికి వెళ్తున్నాను. అయితే ఒక మాట మీద నిలబడతాను: ఫారం పంపిన పెద్ద కంపెనీ తన ఉక్కు ఎక్కడి నుంచి తెస్తోందో, అందులో ఎన్ని టన్నులు ఉన్నాయో మీకు తిరిగి చెప్పాలి. లెక్క ఒకవైపే అడిగితే ఎలా?

తణుకు_పద్దులు
అది ఫారం చివర ‘ఇతర విషయాలు’ గడిలో రాశాను. కమాను కట్టల ఉక్కు వివరాలు ఇవ్వమని, పాత డైనమోలు వెనక్కి తీసుకుంటారా అని.

యజమాని ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి ఏసీ గ్యాస్ టిన్ను విడిగా అమ్మం. లీకు చూసి, పాత గ్యాస్ వెనక్కి లాగే షెడ్లకే ఇస్తాం. ప్రతి టిన్నుకూ బండి నంబరు పద్దులో రాస్తాం. అమ్మకం తగ్గుతుందని సేల్స్ వాళ్లు గొడవ చేశారు. ఆయన ‘ఆరు వందల టిన్నుల లాభం లేకపోతే కొట్టు మూతపడదు’ అన్నారు. పాత బ్యాటరీలకు అనుమతి ఉన్నవారి రసీదు లేనిదే గోదాము దాటించం. గోడ మీద పాత రాతకు సున్నం వేయించాం. కొత్తది ఏం రాయాలో ఏడాది లెక్క పూర్తయ్యాక చూస్తామన్నారు. ఇప్పటికి గోడ తెల్లగా ఉంది.

@రాజమండ్రి_ఏసీ_పని గారూ, గ్యాస్ లాగే యంత్రం ఉన్న షెడ్లు భీమవరం, తాడేపల్లిగూడెం వైపు మీకు తెలిసినవి ఉన్నాయా?

రాజమండ్రి_ఏసీ_పని
తాడేపల్లిగూడెంలో ఒకరున్నారు, భీమవరంలో ఇద్దరు. ఫోన్ నంబర్లు వాళ్లను అడిగి మీకు విడిగా సందేశం పెడతాను. నరసాపురం వైపు ఎవరూ లేరు. మీ కొట్టు వెనక చోటుంటే అక్కడి కుర్రాడికి ఒక ఆదివారం వచ్చి నేనే నేర్పుతాను.